గోడవైపు వరస

సుధారాణి కుట్టుమిషన్ చంకన పెట్టుకొని మెట్లెక్కి వచ్చిన రోజు నీలావతికి తిన్న అన్నం ఒంటబట్టలేదు.

హిందూపురం బజారు వెనక సందులో నీలావతి భర్త పాండురంగయ్యది కిరాణా కొట్టు. కొట్టు మీద ఇల్లు, ఇంటికి వీధివైపు పొడుగాటి హాలు. గురువారం భోజనాలయ్యాక ఆ హాల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి బొంతలు కుడతారు. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, వెలిసిపోయినవి లోపలికి, రంగు నిలిచింది పైకి వేసి, చుట్టూ కూర్చొని వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతారు. బొంత ఎవరిదైనా చేతులు అందరివీ. చాప మాత్రం నీలావతిది, కాఫీ నీలావతిది, మూలనున్న తొక్కుడు మిషన్ నీలావతిది. అన్నిటికంటే ముఖ్యంగా మొదటి వరస నీలావతిది. బొంతలో మొదటి వరస ఎలా పడితే తక్కిన వరసలన్నీ దాని వెంటే నడవాలి. అందుకని ఆ వరస వేసిన మనిషి మాటే అక్కడ చెల్లుతుంది. ఎవరు ఏ పక్క కూర్చోవాలో కూడా ఆవిడే చెబుతుంది.

సుధారాణికి చెప్పింది గోడవైపు. పరిగి పక్క పల్లె నుంచి వచ్చి బస్టాండు వెనక కాపురం పెట్టిన రైతు ఇంటి కోడలు సుధారాణి. మంచి మనిషే, కానీ ఎడమచేతి వాటం. పక్కన కూర్చుంటే మోచేతులు తగులుతాయని నీలావతి మొదటి వారమే ఆమెను గోడవైపుకు జరిపింది. కుట్టిన బొంతను మంచం మీద పరిస్తే ఆ పక్క గోడకు ఆనుకొని ఉంటుంది, ఎవరి కంటా పడదు.

ఆ గోడపక్క మనిషి ఈరోజు హాలు నడిమధ్య కూర్చొని సంచీ జిప్పు తీసింది. బల్ల లేదు, తొక్కే పలక లేదు. పీట మీద పెట్టుకునేంత నల్లటి మిషను, కాలి కింద చిన్న పెడలు, గోడకు గుచ్చే వైరు. ఎదురింటి కళావతి లేచి వెళ్ళి దాన్ని ఎత్తి చూసి దించింది. మూడు చీరల అంచులు కలపడం తొక్కుడు మిషన్ మీద ఒక పూట పని. పొయ్యి మీద కాఫీ పొంగేలోపు సుధారాణి ఆ పని ముగించి దారం తెంపింది. ఎవరికీ కాఫీ గుర్తు రాలేదు. నీలావతే గ్లాసులు తెచ్చి, అందరి వీపుల వెనక కాసేపు నిలబడింది.

"శానా బాగుండాది సుధా. దీన్ని యాడికైనా ఎత్తకపోవచ్చు కదా?" అంది కళావతి.

రైల్లో ఒళ్ళో పెట్టుకొని కూడా పోవచ్చని సుధారాణి చెప్పింది. ఆ మాటతో కళావతికి పెనుకొండ గుర్తొచ్చింది. పెనుకొండలో భారతి ఉంది. ప్రతి గురువారం రైలెక్కి వచ్చే భారతి కాలు విరిగి మంచాన పడి, రెండు నెలలుగా రావడం లేదు. ఆమె తల్లి కన్యకమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆ తల్లి చీరలతో బొంత కుట్టించుకోవాలని భారతి మూటగట్టి పెట్టుకుంది. మిషను ఇక్కడ ఉంది కాబట్టి పని ఇక్కడే అనుకున్నారు ఇన్నాళ్ళూ. ఇప్పుడు మిషనే కదులుతుంటే ఇంకేం? వచ్చే గురువారం అందరం పెనుకొండకు పోదామని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది. ఫోన్లో చెప్పగానే భారతి సంతోషంగా ఎన్ని గంటలకు వస్తారని అడిగింది.

నీలావతి, భారతి ఒకే వీధిలో లంగాలు కట్టుకొని పెరిగినవాళ్ళు. భారతిని చూడటానికి తాను రెండుసార్లు వెళ్ళింది, పండ్లు ఇచ్చి వచ్చింది. బొంత అక్కడికే వెళ్ళి కుడదామన్న ఆలోచన మాత్రం తనకు రాలేదు. పైగా కళావతి చెప్పులు వేసుకుంటూ, "నీలక్కా, నువ్వు వట్టి చేతుల్తో వస్తే చాలు" అంది. ఆదరంగానే అంది. కానీ ఆ మాట నీలావతికి సూదిలా దిగింది.

అందరూ వెళ్ళాక ఆమె చాప మీద కూలబడి, ఆనాటి బొంతను గోడవైపు నుంచి తన మీదికి లాక్కుంది. మిషన్ పని అయ్యాక సుధారాణి కూడా అందరితో పాటు సూది పట్టుకొని ఒక వరస వేసి వెళ్ళింది. అన్ని వరసల్లో కుట్లు ఒకవైపుకు వాలి ఉంటే, ఆ ఒక్క వరసలో రెండోవైపుకు వాలి ఉన్నాయి. నీలావతి కత్తెర మొన దూర్చి ఆ దారాన్ని కొస నుంచి కొసకు లాగేసింది. మళ్ళీ తన చేత్తో కుట్టింది. ఇది ఆమెకు కొత్త కాదు. వారం వారం చేసే పనే. బొంత అందం కోసమని తనకు తాను చెప్పుకునేది. కానీ ఆరోజు దారం లాగుతున్నప్పుడు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి ఎందుకో ఆలోచించకుండా లేచి దీపం పెట్టుకుంది.

వారమంతా ఆమెకు ఆ నల్ల మిషనే కళ్ళముందు ఆడింది. కోడలు వాసవి ఫోన్లో మిషన్ల వీడియోలు పెట్టిస్తే, చూసిందే చూసి, ఇది కాదు ఇంకోటి చూపించమని ఆ పిల్ల ప్రాణం తీసింది. బొంతలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో మిషన్ గురించి అడిగితే సుధారాణి జవాబు పెట్టింది: కొనబోయేవాళ్ళు మడిచిన బొంతముక్క ఒకటి వెంట తీసుకుపోయి, దాని మీద కుట్టి చూసి ఎంచుకోవాలి, ఉత్త గుడ్డ మీద అన్ని మిషన్లూ బాగానే కుడతాయి. చదివి నీలావతి మూతి తిప్పుకుంది. నిన్నగాక మొన్న మిషన్ కొని అప్పుడే పంతులమ్మ అయిపోయింది అనుకుంది. అయినా ఆ రాత్రి బీరువా అడుగు నుంచి పాత బొంతముక్క తీసి హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుంది.

ధర్మవరం పోయి మిషన్ కొనుక్కొస్తానంటే పాండురంగయ్యకు అర్థం కాలేదు.

"ఇంట్లో ఉండేది బాగానే ఉండాది కదే," అన్నాడు.

"దాన్ని రైలు దాకా మీరు మోసుకొస్తారా?" అంది నీలావతి.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. హిందూపురంలో దొరకదా అని మాత్రం అడగలేదు, అడగకపోవడమే మంచిదైంది. హిందూపురంలో కొంటే సాయంత్రానికల్లా కళావతికి తెలుస్తుంది, సుధారాణి ఏ షాపులో కొందో అందులోనే కొన్నట్టవుతుంది. ధర్మవరంలో కొని, తిరుగు రైల్లో నేరుగా పెనుకొండలో దిగి, అందరూ కూర్చొని ఉండగా గుమ్మంలో అడుగుపెట్టాలి. వారమంతా ఆమె ఆ అడుగునే ఊహించుకుంటూ గడిపింది.

తాను వేరే రైల్లో వస్తానని మాత్రం కళావతికి చెప్పి, గురువారం పొద్దున్నే ప్యాసింజరెక్కి ధర్మవరంలో దిగింది. పట్టుచీరల ఊరు కాబట్టి చీరలకు ఫాల్స్ కుట్టేవాళ్ళు, అంచులకు పికో చేసేవాళ్ళు ఎక్కువ, మిషన్ల షాపులూ ఎక్కువే. ఒకదాంట్లోకి వెళ్ళి కూర్చుంది. షాపాయన, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకున్న మనిషి, ఏం కుడతారమ్మా అని అడిగాడు.

బొంతలని చెప్పబోయింది. కానీ ఆయన వెనక అరలో అదే నల్ల మిషన్ కనబడింది. అచ్చం సుధారాణిదే. బొంతలంటే ఆయన చెయ్యి దాని మీదికే పోతుందని ఎందుకో గట్టిగా అనిపించింది.

"అన్నీ కుడతా," అంది.

అయితే అన్నీ చూడండని ఆయన నాలుగు రకాలు దించాడు. చివరికి దించినది పాలలాంటి తెల్లటి మిషను. నల్లదానికంటే తేలిక. ముందు భాగంలో గుండ్రటి మీట, దాన్ని తిప్పితే తీగలు, ఆకులు, పువ్వులు, ఒక్కో గుర్తుకు ఒక్కో కుట్టు. ఆయన జాకెట్టు గుడ్డ పీలిక మీద వరసగా పువ్వులు కుట్టి చూపించాడు. నీలావతి తాను కూడా కుట్టి చూసింది. సూది గుడ్డలోకి దిగుతున్నట్టే తెలియలేదు, పువ్వు తర్వాత పువ్వు రాలినట్టు పడ్డాయి. సుధారాణి మిషనుకు సాదా కుట్టు తప్ప ఇంకేం రాదు.

హ్యాండ్‌బ్యాగులో బొంతముక్క ఉంది. చెయ్యి లోపలికి పోయింది కూడా. వేళ్ళకు ఆ మందం తగిలింది. తీసి సూది కింద పెడితే తెలిసిపోయేది. ఒకవేళ తెల్లది కుట్టకపోతే? అప్పుడు నల్లది కొనాలి. అందరి ముందూ సుధారాణి మిషన్ లాంటి మిషనే దించాలి, ఇది కూడా సుధా చెప్పిందేనా అని కళావతి అడగాలి. నీలావతి చేతిని వెనక్కి తీసుకొని జిప్పు మూసింది. తెల్లదాన్ని కట్టమని చెప్పింది.

రైల్లో మిషన్ను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఎదుటి సీటు ఆవిడ అదేమిటని అడిగితే డబ్బా మూత తీసి చూపించి మరీ చెప్పింది.

భారతి ఇల్లు పెనుకొండలో కొండ కిందే. పెరట్లో నిలబడి తల ఎత్తితే కోటగోడ కనిపిస్తుంది. నీలావతి గుమ్మంలోకి వచ్చేసరికి లోపల చాపలు పరిచి ఉన్నాయి. భారతి కాలు స్టూలు మీద చాపుకొని కుర్చీలో ఉంది. తెల్ల మిషన్ డబ్బా మీద బొమ్మ చూడగానే కళావతి లేచి రెండు చేతులతో అందుకుంది. పువ్వులు కూడా కుడుతుందా అక్కా అని చెంపల మీద చేతులు పెట్టుకుంది. వారమంతా ఊహించుకున్నట్టే జరిగింది, ఆ కాసేపు నీలావతికి మనసు చల్లబడింది.

తర్వాత చాప మీదికి చూసింది. కన్యకమ్మ నూలుచీరలు నాలుగు అప్పటికే ఒకదాని మీద ఒకటిగా, అంచులు కలిసి చదునుగా పరుచుకొని ఉన్నాయి. సుధారాణి మిషన్ మీద కలిపినవి. వాటి పైన మెరూన్ రంగు ధర్మవరం పట్టుచీర. జరీ నల్లబడినా రంగు చెక్కుచెదరలేదు. దాన్ని ఊరికే గుండుసూదులతో పట్టించి ఉంచారు. దాని మీద ఒక్క కుట్టు కూడా పడలేదు.

"మొదటి వరస నీదని పొద్దుట్నుంచి కాచుకోని ఉండాము," అంది భారతి. "సుధానే వద్దనె. నీలక్క వచ్చేదాకా పైచీర తాకొద్దనె."

ఆ మాటకు ఆమె కరగాల్సింది. కానీ కుళ్ళు పట్టిన మనసు ఏ మాటనైనా తన దారికే తిప్పుకుంటుంది. నా వరస నాకు ఇవ్వడానికి ఈమె ఎవరు అనుకుంది నీలావతి. తన దగ్గరుంటే గదా ఇచ్చేది! చీర కుచ్చిళ్ళు సర్దుకొని కూర్చుంది. సూది, దారం అందించబోయిన కళావతి చేతిని పక్కకు జరిపి, తెల్ల మిషన్ను ముందుకు లాక్కొని వైరు గుచ్చమంది.

సుధారాణి గోడ దగ్గర కూర్చొని ఉంది. ఇక్కడ కూడా గోడ దగ్గరే, అలవాటు.

"అక్కా, అది పాత పట్టు. నువ్వే కదా చెప్పేది, పాత పట్టు మిషన్ కింద పెట్టేది కాదు, చేత్తోనే వెయ్యాలని," అంది మెల్లగా.

"నేను చెప్పింది నాకే చెప్తాండావా?"

నీలావతి బొంత కొసను ఎత్తి సూది కింద దూర్చింది. అయిదు పొరలు. మిషన్ ఆ మందాన్ని మింగలేక మింగి, సగం వరస దాకా కుట్టింది. నీలావతి తలెత్తి అందరినీ చూసింది. ఆ తర్వాత మోటరు గొంతు మారింది. సూది కింద గుడ్డను నడిపే ఇనుప పళ్ళు నూలు పొరలను లాగుతున్నాయి, పైన పట్టు కదలడం లేదు. బొంత బరువంతా చాప మీదికి వేలాడుతూ ఆ తేలికపాటి మిషన్నే తనవైపు ఈడుస్తోంది. ఆపాలి. ఆపాలని చేతులకు తెలుసు, ఎన్నో బొంతలు కుట్టిన చేతులు అవి. కానీ కాలు పెడలు మీద ఇంకా గట్టిగా నొక్కింది, అరచెయ్యి గుడ్డను వెనక నుంచి తోసింది.

పట్టు సర్రుమంది.

జాన పొడుగున చీలింది. సూది ఇంకా అందులోనే ఇరుక్కొని ఉంది. లోపలి నుంచి కన్యకమ్మ నీలంరంగు నూలుచీర కనిపించింది. కళావతి వైరు పీకేసింది. భారతి కుర్చీలోంచి ముందుకు వంగి, చిరిగిన చోటును తడిమి, అంచులు రెండూ దగ్గరికి పెట్టి చూసింది. అవి కలిసి ఉండలేదు. వదిలేస్తే మళ్ళీ విడిపోయాయి. భారతి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అమ్మ ఈ చీర నా పెండ్లికి కట్టుకొనింది అని మాత్రం, ఎవరితోనూ కాకుండా తనలో తాను అంది.

నీలావతి కాలు పెడలు మీద నుంచి తీసింది. మిషన్ మంచిది కాదని చెప్పాలనుకుంది, షాపువాడు మోసం చేశాడని చెప్పాలనుకుంది. బొంతముక్క ఉన్న హ్యాండ్‌బ్యాగు పక్కనే ఉంది. దాన్ని వీపు వెనక్కి నెట్టింది.

"పోనీలెండి ఇంగ," అంది భారతి. "ఆ మిషన్ కుట్టు విప్పి, చేత్తోనే వెయ్యండి."

"విప్పేది నీలక్కకు బాగా వచ్చు," అంది సుధారాణి.

ఎగతాళిగా అనలేదు. ఉప్పు డబ్బా ఆ పక్క ఉండాదని చెప్పినట్టు అంది. కళావతికి అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నీలావతికి మాత్రం చెవుల దాకా వేడెక్కింది. ఏమనుకుంటున్నావు నువ్వు అని గట్టిగా అడగాల్సిన చోట, "నీకెట్లా తెలుసు?" అని అడిగింది. అడిగాక గానీ ఒప్పుకున్నట్టయిందని తెలియలేదు.

"నా కుట్టు నాకు తెలీదా అక్కా? ఎడమచేతి కుట్టు ఇట్లా ఈ పక్కకు వాలుతాది. మరుసటి వారం వచ్చి చూస్తే ఆ పక్కకు వాలి ఉంటాండె. ప్రతి బొంతకూ అంతే. నేను వేసింది ఒక్క వరస కూడా మిగల్లేదు." ఆమె తన మోకాళ్ళ దగ్గరున్న నల్ల మిషన్ను కొంచెం అవతలికి జరిపింది. "మిషన్ కుట్టయితే ఏ చెయ్యి కుట్టిందో కనపడదు కదా. అందుకే కొనుక్కుంటి."

వారం రోజులుగా ఏ మిషన్ను తలుచుకొని తాను లోలోపల ఉడికిపోయిందో, ఆ మిషన్ను కొనిపించింది తానేనని నీలావతికి అప్పుడు అర్థమైంది. అందం కోసం విప్పానని చెప్పుకోవడానికి కూడా లేదు. లాగినప్పుడు కలిగిన ఆ హాయి గుర్తుంది.

ఆమె బ్లేడు అడిగి తీసుకుంది. మిషన్ కుట్లు దగ్గర దగ్గరగా, చీమల బారులా ఉన్నాయి. ఒక్కొక్కటే తెంపింది. చీలిక కింద మెత్తటి నూలుముక్క దూర్చింది, అంచులు దగ్గరికి తెచ్చి గుండుసూదులు పెట్టింది. ఇదంతా అవుతుంటే ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తర్వాత దారం తెంపి రెండు సూదుల్లో ఎక్కించింది. ఒక సూది తన జాకెట్టుకు గుచ్చుకుంది, రెండోది సుధారాణి ముందుకు చాపింది.

"మొదటి వరస ఆ కొస నుంచి నువ్వు రా. ఈ కొస నుంచి నేనొస్తా. చీలిన చోట కలుద్దాం."

సుధారాణి వెంటనే అందుకోలేదు. భారతి వైపు చూసింది, సూది వైపు చూసింది. తర్వాత దాన్ని అందుకొని, గోడ దగ్గర నుంచి లేచి వచ్చి ఎడమ కొసన కూర్చుంది. కుడిచేతివాళ్ళు కుడి కొస నుంచే రావాలి, అందుకే ఏ బొంతకైనా ఒక వరస ఒకరి చేతిదే. రెండు కొసల నుంచి ఒకే వరస నడవడం అక్కడున్నవాళ్ళెవరూ అంతవరకు చూడలేదు. కళావతి ఫోన్ పక్కన పెట్టేసి చూస్తూ కూర్చుంది.

నీలావతి ఎప్పటిలాగే చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ బయల్దేరింది. తల ఎత్తకూడదనుకుంది, అయినా ఎత్తి ఎత్తి చూసింది. సుధారాణి ఎడమచెయ్యి కింద నుంచి సూదిని తోసి పైకి లాగుతోంది, తోసి లాగుతోంది. తడబాటు లేదు, గుడ్డ ముడత పడటం లేదు. ఇంత వేగంగా ఈమె కుడుతుందని నీలావతికి తెలియదు. గోడవైపు ఎవరు చూశారు? నీలావతి వేగం పెంచింది. వేలికి గుచ్చుకుంది, రక్తం పట్టు మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుంది. అప్పటికి సుధారాణి చీలిక అంచుకు వచ్చేసింది. చేత్తో కూడా ఆమే ముందు.

వచ్చి ఆగింది. సూదిని గుడ్డలో గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నీలావతి వచ్చేదాకా కాచుకొని ఉండాలని.

నీలావతి దగ్గరికి, మరికాస్త దగ్గరికి వచ్చింది. చీలికకు ఇవతలి అంచు తన భాగం. అక్కడికి చేరి, ఒక కుట్టు వెయ్యబోయి, సూదిని అలాగే పట్టుకొని ఉండిపోయింది.

"ఆగినావేంది?" అంది. గొంతు కటువుగానే వచ్చింది. "రా. నా వైపుకు కూడా వచ్చెయ్."

"నీ వరస కదక్కా."

"రమ్మంటాండా కదా."

నీలావతి తన దారాన్ని ముడివేసి తెంపేసింది. మోకాళ్ళ మీద వెనక్కి జరిగి చోటిచ్చింది. సుధారాణి కొంచెంసేపు ఆమె మొహంలోకి చూసి, సూది తీసుకొని వంగింది. ఎడమచేతి కుట్లు చీలికను దాటి ఇవతలికి రాసాగాయి, అందరి కళ్ళముందూ, మెరూన్ పట్టు మీద, రెండోవైపుకు వాలి. ఇక మీద ఈ బొంతలో ప్రతి వరసా వాటి వెంటే నడవాలి. భారతి కుర్చీలోంచి వంగి, ఎంత చక్కగా పడుతున్నాయి సుధా అంది. ఆ మాటకు నీలావతి కడుపులో మంట మళ్ళీ రాజుకుంది. అది అంత తొందరగా చల్లారేది కాదని ఆమెకు తెలుసు. ఆమె రెండు అరచేతులతో, కదలకుండా, సుధారాణి కోసం గుడ్డను అదిమి పట్టుకొని కూర్చుంది.